అలవాటైన వెలుతురు మళ్లీ కనబడాలంటే

మధ్యాహ్నం మూడు గంటలకు గోదావరిఖనిలో ఏ ఇంక్లైన్ బొగ్గుగని దగ్గర నిలబడినా ఒకటే దృశ్యం. ఫస్ట్ షిఫ్టు ముగించుకున్నవాళ్లు ఏటవాలు దారిలోంచి పైకి వస్తుంటారు. నెత్తిన హెల్మెట్, దానికి క్యాప్ ల్యాంపు, నడుముకు బ్యాటరీ, పక్కనే సెల్ఫ్ రెస్క్యూయర్ డబ్బా, ముఖమంతా నల్లటి పొడి. బయటి ఎండ తగలగానే చాలామంది కళ్లు చికిలిస్తారు, ఒక క్షణం ఆగుతారు, ఛాతీ నిండా గాలి పీల్చుకుంటారు. ఆ తర్వాత ల్యాంపు రూం వైపు నడుస్తారు. ల్యాంపు అప్పజెప్పి టీ కొట్టు చేరేసరికి మాటలు మస్టర్ల మీదికీ, నాగాల మీదికీ, పిల్లల ఫీజుల మీదికీ మళ్లిపోతాయి. ఎండ అక్కడే ఉంటుంది, గాలి అక్కడే ఉంటుంది. వాటి ఊసు మాత్రం ఎవరికీ ఉండదు.

షిఫ్టు మొత్తం కరువైన వెలుతురు, దొరికిన కాసేపటికే పట్టించుకోని వస్తువైపోతుంది. దీన్ని మనిషి కృతఘ్నత అనుకుంటే తొందరపాటే. కన్ను, మెదడు కలిసి చేసే ఒక పని దీని వెనక ఉంది. మన జీవితంలోని మంచి మనకెందుకు కనబడకుండా పోతుందో అర్థం చేసుకోవడానికి ఆ పనే మంచి మొదలు.

వేసవి మధ్యాహ్నపు ఎండ తీవ్రత దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. గని లోపల క్యాప్ ల్యాంపు పడినంత మేర తప్ప మిగిలినదంతా చీకటే. ఇంత తేడాను ఒకే కన్ను తట్టుకోవాలి. చీకట్లోకి వెళ్లినప్పుడు రెటీనాలోని రాడ్ కణాలు తమ సున్నితత్వాన్ని పూర్తిగా పెంచుకోవడానికి అరగంటకు పైగా పడుతుంది. వెలుతురులోకి వచ్చినప్పుడు మాత్రం కొద్ది నిమిషాల్లోనే సర్దుకుంటుంది. సర్దుకోవడమంటే, ఇప్పుడున్న వెలుతురును కొత్త సున్నాగా పెట్టుకోవడం. ఇక అక్కడి నుంచి ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నదే కన్ను మెదడుకు చెబుతుంది. ఎంత ఉంది అన్నది చెప్పడం దాదాపు మానేస్తుంది.

ఈ సర్దుకోవడం ఎంత దూరం వెళ్తుందో 1950లలో జరిగిన కొన్ని ప్రయోగాలు చూపించాయి. 1952లో బ్రిటన్‌లో డిచ్‌బర్న్, గిన్స్‌బోర్గ్ అనే ఇద్దరు, ఆ మరుసటి ఏడాది అమెరికాలో లొరిన్ రిగ్స్ బృందం ఒక చిత్రమైన ఏర్పాటు చేశారు. కనుగుడ్డు ఎటు కదిలితే ఎదుటి బొమ్మ కూడా అటే, అంతే కదిలేలా చేసి, బొమ్మ రెటీనా మీద ఒకేచోట కదలకుండా నిలిచేటట్టు చూశారు. కొద్ది క్షణాల్లోనే ఆ బొమ్మ మాయమైపోయింది. కన్ను తెరిచే ఉంది, బొమ్మ ఎదురుగానే ఉంది, కానీ చూసేవాడికి ఏమీ కనబడలేదు. మనం ఒకే వస్తువు మీద చూపు నిలిపామని అనుకుంటున్నప్పుడు కూడా నిజానికి మన కళ్లు సెకనుకు చాలాసార్లు, మనకు తెలియనంత స్వల్పంగా వణుకుతూనే ఉంటాయి. ఆ వణుకే లేకపోతే మన ముందున్న ప్రపంచం చెరిగిపోతుంది.

ఈ ఒక్క సంగతి నాకు ఎన్నో సుభాషితాల కంటే విలువైనదిగా తోస్తుంది. ఎదురుగా ఉన్నదాన్ని చూస్తూ ఉండటానికే కంటికి కాస్త కదలిక కావాలి. మనసుకు మాత్రం అక్కర్లేదని ఎలా అనుకుంటాం?

ముక్కుదీ అదే తీరు. గోదావరిఖని ఉన్న రామగుండం ప్రాంతానికి కొత్తగా వచ్చినవాళ్లకు గాలిలో బొగ్గు వాసన మొదట తెలుస్తుంది. కాలనీల్లో ఇంటింటా బొగ్గు పొయ్యిలు రాజుకున్న రోజుల్లో ఆ వాసన మరీ ఘాటుగా ఉండేది. అక్కడే పుట్టి పెరిగినవాళ్లను అడిగితే, ‘వాసనా? ఏం వాసన?’ అని ఎదురడుగుతారు. గని మీద తిరిగే పెద్ద వెంటిలేషన్ ఫ్యాను మోత సంగతీ అంతే. రోజంతా వినబడుతూనే ఉంటుంది, ఎవరికీ వినబడదు. అది ఆగిన క్షణాన మాత్రం అందరూ తలెత్తి చూస్తారు.

సంతోషం విషయంలో మెదడు లోపల జరిగేదేమిటో వోల్ఫ్రామ్ షుల్జ్ అనే శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాల్లో బయటపడింది. కోతి నోట్లో అనుకోకుండా పండ్ల రసం చుక్క పడితే డోపమైన్ విడుదల చేసే నాడీకణాలు ఒక్కసారిగా ఉత్తేజితమవుతాయి. ఒక దీపం వెలిగిన తర్వాత ప్రతిసారీ రసం వస్తుందని కోతికి తెలిసిపోయాక ఆ స్పందన దీపానికి మారుతుంది. రసం పడినప్పుడు కణాలు ఉలకవు, పలకవు. దీపం వెలిగాక రసం రాకపోతే మాత్రం వాటి చురుకు మామూలు స్థాయి కంటే కిందికి పడిపోతుంది. షుల్జ్, పీటర్ దయాన్, రీడ్ మాంటెగ్ 1997లో రాసిన వ్యాసంతో ఈ సంగతి ప్రపంచానికంతా తెలిసింది. ఆ కణాలు లెక్కగట్టేది దొరికిన రసాన్ని కాదు, అనుకున్నదానికీ దొరికినదానికీ మధ్య తేడాని.

ఇప్పుడు ఈ గనులను నడిపే సింగరేణి సంస్థలో లాభాల వాటా సంగతి చూద్దాం. 1990లలో నష్టాలతో, ఖాయిలా పడ్డ సంస్థల వ్యవహారాలు చూసే బీఐఎఫ్‌ఆర్ దాకా వెళ్లిన సంస్థ అది. లక్షకు పైగా కార్మికులతో, బకాయిలతో, మూతపడుతుందేమోనన్న భయంతో నడిచిన రోజులవి. అలాంటిది కోలుకుని, 1999-2000 సంవత్సరానికి లాభాల్లో 10 శాతం కార్మికులకు పంచినప్పుడు ఆ మొత్తం చిన్నదే అయినా అది ఊహించని చుక్క. పాతవాళ్లు ఆ సంగతి ఇప్పటికీ చెబుతారు. 2023-24 సంవత్సరానికి వాటా 33 శాతం. 2024 సెప్టెంబరులో ప్రకటించిన ఆ మొత్తం 796 కోట్ల రూపాయలు, ఒక్కో కార్మికుడికి సగటున లక్షా 90 వేలు. దసరా ముందు లక్ష్మీనగర్ బజారులో బంగారం కొట్లు, బట్టల దుకాణాలు కిటకిటలాడతాయి. అయినా ఇప్పుడు ఆ డబ్బు దీపం వెలిగాక రావాల్సిన రసం. శాతం ఎంత, పోయినేడు కంటే ఎంత ఎక్కువ, మొత్తం లాభం మీద లెక్క కట్టారా, కొంత పక్కకు తీసి మిగిలినదాని మీద కట్టారా అన్నదే చర్చ. ప్రకటన ఆలస్యమైతే అసంతృప్తి. ఇందులో తప్పుబట్టడానికేమీ లేదు. అది వాళ్ల కష్టార్జితం, అడగడం వాళ్ల హక్కు. నేను చెప్పేది మెదడు లెక్క గురించి మాత్రమే: పది శాతం నాటి సంబరాన్ని ముప్పై మూడు శాతం తేలేకపోవచ్చు.

ఈ ధోరణికి మనస్తత్వ శాస్త్రంలో పెట్టిన పేరుకు అర్థం ‘సుఖాల ట్రెడ్‌మిల్’. ఎంత నడిచినా ఉన్నచోటే ఉండటం. ఆ పేరు పెట్టినవాళ్లలో ఒకడైన ఫిలిప్ బ్రిక్‌మన్ 1978లో తన సహచరులతో కలిసి 22 మంది లాటరీ విజేతలను, ప్రమాదాల్లో కాళ్లో, కాళ్లూ చేతులూనో చచ్చుబడిన 29 మందిని, మామూలు మనుషులు కొందరిని ప్రశ్నించి పోల్చాడు. లాటరీ గెలిచినవాళ్లు మిగతావారికంటే గట్టిగా చెప్పుకోదగినంత సంతోషంగా లేరు. పైగా స్నేహితుడితో కబుర్లు, పొద్దున్నే టిఫిను, ఒక పత్రిక చదువుకోవడం లాంటి రోజువారీ చిన్న సుఖాల్లో వాళ్లకు రుచి తగ్గింది. ఈ అధ్యయనాన్ని చాలామంది మోయలేనంత దూరం మోశారు. డబ్బుతో ఏమీ మారదనీ, ప్రమాదం జరిగినా మనిషి మళ్లీ మామూలైపోతాడనీ ప్రచారం చేశారు. అది నిజం కాదు. ఆ అధ్యయనంలోనే ప్రమాద బాధితులు మామూలు వారికంటే తక్కువ సంతోషంగా ఉన్నారు. స్వీడన్‌లో వేలమంది లాటరీ విజేతలను పరిశీలించి 2020లో ప్రచురించిన మరో అధ్యయనంలో, పెద్ద మొత్తం గెలిచినవారి జీవిత సంతృప్తి ఏళ్లు గడిచినా పైస్థాయిలోనే ఉందని తేలింది. డబ్బు విలువ డబ్బుదే. పేదరికానికి కృతజ్ఞతాభావం మందు కాదు. తేలిందల్లా ఇంతే: పెద్ద మంచి ఒకటి వచ్చి అలవాటైతే, దాని నీడలో చిన్న మంచి కనబడకుండా పోయే ప్రమాదం ఉంది.

అన్నింటికీ ఒకేలా అలవాటు పడతామా అంటే, లేదు. అసలు చిక్కు అక్కడే ఉంది. అడపాదడపా పెద్దగా వినబడే చప్పుళ్లకు మనుషులు సరిగ్గా అలవాటు పడరని చాలా పరిశీలనలు చెబుతున్నాయి. ఓపెన్‌కాస్టు గనుల చుట్టుపక్కల ఇళ్లలో ఉండేవాళ్లకు ఇది ఒకరు చెప్పాల్సిన పని లేదు. బ్లాస్టింగ్ జరిగినప్పుడు గోడ అదిరితే, వెయ్యోసారి కూడా గుండె అదురుతుంది. ఉద్యోగం పోవడమూ అలాంటిదే. జర్మనీలో వేలమందిని ఏళ్ల తరబడి అనుసరించిన సమాచారాన్ని విశ్లేషించి 2004లో రిచర్డ్ లూకస్ బృందం చెప్పినదాని ప్రకారం, ఉద్యోగం పోయినవాళ్లు మళ్లీ పనిలో చేరాక కూడా వారి తృప్తి మునుపటి స్థాయికి పూర్తిగా రాలేదు. మంచికి త్వరగా అలవాటు పడతాం, కొన్ని చెడులకు ఎప్పటికీ పడం. రాయ్ బౌమైస్టర్ తన సహచరులతో కలిసి 2001లో రాసిన సుదీర్ఘ సమీక్ష సారాంశమూ ఇదే. ఒక తిట్టు ఒక పొగడ్త కంటే, ఒక నష్టం అంతే లాభం కంటే మన మీద ఎక్కువ ముద్ర వేస్తుంది.

అలా ఉండటానికి గట్టి కారణమే ఉంది. గనిలో మైనింగ్ సర్దార్ చేసే పనిని దగ్గరగా చూస్తే అది అర్థమవుతుంది. మనుషులు పనిచేసే చోటుకు ముందు అతను వెళ్తాడు. చేతిలో కర్ర, లేదా ఇనుప కడ్డీ. పైకప్పును అక్కడక్కడా తట్టి చెవి పెట్టి వింటాడు. గట్టి రాయి ఖణేల్‌మంటుంది. లోపల పొర విడిన రాయి బోలుగా, డప్పులా మోగుతుంది. బోలుగా మోగిన చోట వదులు రాయిని దించేస్తారు, లేదా ఊతమిస్తారు. ఆ తర్వాతే మిగతావాళ్లు అడుగుపెట్టాలి. వందసార్లు ఖణేల్‌మన్న శబ్దాన్ని మెచ్చుకోకపోయినా నష్టం లేదు. ఒక్కసారి బోలు శబ్దాన్ని వినకపోతే ప్రాణాలు పోతాయి. మన పూర్వీకుల మెదళ్లు తయారైన లోకం కూడా అలాంటిదే. చెడును పట్టుకోవడంలో పొరపడినవాళ్లు మిగల్లేదు. మిగిలినవాళ్ల వారసులం మనం.

అందుకే, ఏమీ జరగని రోజును మనం లెక్కలోకి తీసుకోం. 2003 జూన్ 16న గోదావరిఖనిలోని జీడీకే 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబరులో జీడీకే 8ఏ గనిలో పైకప్పు కూలి 10 మంది పోయారు. ఈ తేదీలు ఆ ఊళ్లో తరం మారినా మరిచిపోరు, మరిచిపోకూడదు కూడా. ఆ రెండు తేదీల మధ్య నాలుగు నెలల్లో రోజుకు మూడు షిఫ్టుల చొప్పున వేలమంది దిగి, పనిచేసి, పైకి వచ్చిన రోజులకు మాత్రం తేదీలు లేవు. వాటిని ఎవరూ గుర్తుపెట్టుకోరు. కానీ ప్రతి ఒక్క రోజూ ఎవరో ఒకరు కప్పు తట్టి విన్నారు, ఎవరో ఒకరు గ్యాసు చూశారు, ఎవరో ఒకరు ఫ్యాను దగ్గర మెలకువగా కూర్చున్నారు. బొగ్గుగనుల నిబంధనల ప్రకారం పనిచేసే చోట గాలిలో ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు, కార్బన్ డయాక్సైడ్ అర శాతం మించకూడదు, తేమను కూడా లెక్కలోకి తీసుకునే తడి బల్బు ఉష్ణోగ్రత 33.5 డిగ్రీలు దాటకూడదు. బయట మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. మనకు ఉచితంగా, తెలియకుండా అందేదాన్ని లోపల ఎవరో కొలిచి, పంపు చేసి, కాపాడి అందించాలి.

సరిగ్గా పనిచేసిన భద్రత ఎవరికీ కనబడదు. ఈ మాట ఒక్క గనికే కాదు. జ్వరం రాని బిడ్డ, అప్పు లేని నెల, ఇంటికి క్షేమంగా తిరిగొచ్చిన మనిషి, అన్నీ ఆ కోవలోవే. జరగని దాన్ని చూడటం కంటికి ఎలాగూ చేతకాదు. మనసుకు మాత్రం ఒక దారి ఉంది. 2008లో మింక్‌యుంగ్ కూ, సారా ఆల్గో, టిమొతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ కలిసి చేసిన ప్రయోగాలు ఆ దారిని పరీక్షించాయి. తమ జీవిత భాగస్వామిని ఎలా కలుసుకున్నామో కొందరిని రాయమన్నారు. మరికొందరిని, ఆ కలయిక జరగకుండా ఎలా పోయి ఉండేదో రాయమన్నారు. రెండో పని చేసినవాళ్లలోనే తమ బంధం పట్ల తృప్తి ఎక్కువగా కనబడింది. ఉన్నదాన్ని పొగడటం కంటే, అది లేకుండా పోగల సందర్భాన్ని ఒక్కసారి ఊహించడం ఎక్కువ పనిచేసింది. గని దిగే ముందు మైసమ్మకు దండం పెట్టుకునే కార్మికుడు ప్రతి షిఫ్టుకూ ఈ పనే చేస్తున్నాడని నాకనిపిస్తుంది. ‘తిరిగి రాకపోవచ్చు’ అన్నది ఒక్క క్షణం మనసులో మెదిలాకే అతను లోపలికి అడుగేస్తాడు. ఆ దండం అతనికి ధైర్యం మాత్రమే ఇస్తుందనుకుంటాం. అది ఇంటిని, పిల్లలను, పైనున్న ఎండను ఒక్కసారి మళ్లీ కనబడేలా కూడా చేస్తుంది.

ఉన్న మంచిని తలచుకోవడం మీద ప్రయోగశాలల్లో జరిగిన పని తక్కువేమీ కాదు. రాబర్ట్ ఎమన్స్, మైఖేల్ మెక్‌కల్లో 2003లో ప్రచురించిన అధ్యయనాలు దీనికి ఊపునిచ్చాయి. సుమారు 200 మంది కాలేజీ విద్యార్థుల్లో కొందరు పది వారాల పాటు వారానికోసారి తమకు మేలు చేసిన విషయాలు అయిదింటి దాకా రాశారు. కొందరు చికాకులు రాశారు. కొందరు ఏదో జరిగిన సంగతులు రాశారు. మేలు రాసినవాళ్లు తమ జీవితం గురించి మెరుగ్గా భావించారు, ఒంటి నొప్పుల గురించి తక్కువ చెప్పారు, చికాకులు రాసినవారికంటే వారానికి గంటకు పైగా ఎక్కువ వ్యాయామం చేశారు. కండరాలు, నాడుల జబ్బులతో బాధపడుతున్న పెద్దలతో మూడు వారాలు రోజూ ఇదే చేయించినప్పుడు వాళ్లు ఎక్కువసేపు నిద్రపోయారు, తేరుకున్నట్టు లేచారు. 2005లో మార్టిన్ సెలిగ్‌మన్ బృందం చేయించినది ఇంకా సులువైన పని: ఒక వారం పాటు ప్రతి రాత్రీ, ఆ రోజు బాగా జరిగిన మూడు సంగతులు, అవి ఎందుకు జరిగాయో రాయడం. దాని ప్రభావం ఆరు నెలల తర్వాత కూడా కనిపించింది. ఆ ‘ఎందుకు’ ముఖ్యమని నా నమ్మకం. ‘అన్నం బాగుంది’ అని రాసుకుంటే అక్కడితో అయిపోతుంది. ఎందుకు బాగుందని ప్రశ్నిస్తే, నైట్ షిఫ్టు నుంచి వస్తానని ఎవరో పొద్దున్నే లేచి వండారన్నది బయటికొస్తుంది.

ఎక్కువ చేస్తే ఎక్కువ ఫలం దక్కుతుందా? సోంజా లుబొమిర్‌స్కీ బృందం ఒక ప్రయోగంలో కొందరిని వారానికి ఒకసారి, కొందరిని మూడుసార్లు రాయమంది. ఆరు వారాల తర్వాత మేలు కనబడింది వారానికోసారి రాసినవాళ్లలోనే. లెక్క రాయడమూ అలవాటైపోయి, ఆ బొమ్మ కూడా రెటీనా మీద కదలకుండా నిలిచిపోయిందన్నమాట. ఇంకో విషయం దాచకూడదు. ఇలాంటి సాధనల మీద వచ్చిన అధ్యయనాలు 27ను కలిపి చూసి 2021లో డేవిడ్ క్రెగ్, జెనిఫర్ చీవెన్స్ చెప్పిందేమిటంటే, కుంగుబాటు, ఆందోళన లక్షణాల మీద వీటి ప్రభావం స్వల్పమే. డిప్రెషన్‌తో బాధపడుతున్న మనిషికి ‘ఉన్నదానికి సంతోషించు’ అని చెప్పడం వైద్యం కాదు. ఆ మనిషికి డాక్టరు కావాలి.

ఈ ప్రయోగాల్లో ఎక్కువ భాగం అమెరికాలో, అక్కడి విద్యార్థుల మీద జరిగినవే. మన దగ్గర మేలును తలచుకోవడం అంత తేలికైన తీపి కాదు. 2017లో ల్యుద్మిలా టిటోవా, ఆమె సహచరులు అమెరికన్లతోనూ భారతీయులతోనూ కృతజ్ఞతా సాధన చేయించి పోల్చారు. భారతీయుల్లో సంతోషంతో పాటు కొంత దిగులు, తప్పు చేశామన్న భావన కూడా పెరిగాయి. చదవగానే నాకు కోల్‌బెల్టు ఇళ్లే గుర్తొచ్చాయి. అక్కడ కొడుకు ఉద్యోగం చాలా సందర్భాల్లో తండ్రి శరీరం నుంచి వస్తుంది. తండ్రి గనిలో పోతే కొడుక్కి ఉద్యోగం. తండ్రి ఆరోగ్యం చెడి మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కి ఉద్యోగం. కొడుకు నెల జీతం తెచ్చి ఇంట్లో పెడుతుంటే, వాకిట్లో కుర్చీలో కూర్చున్న తండ్రి దగ్గు వినబడుతూ ఉంటుంది. ఆ కొడుకుని పట్టుకుని నీ జీవితంలో మంచి ఏమిటో రాయమంటే మొదటి వరుసలో ఉద్యోగం వస్తుంది, దాని వెంటే గొంతులో ముద్ద అడ్డుపడుతుంది. తీర్చలేని రుణం అది. చాలామంది ఆ దిగులును తప్పించుకోవడానికే ఆ మేలును అసలు తలచుకోరు. తండ్రితో ముక్తసరిగా మాట్లాడతారు. దాన్ని నిర్లక్ష్యమని బయటివాళ్లు అనుకుంటారు.

ఇలాంటి చోట కాగితం మీద జాబితా రాసే పద్ధతి సరిపోదు. రుణాన్ని కొలవడం ఆపి, ఆ మనిషి చేసిన పనిని వివరంగా తెలుసుకోవడం మెరుగని నా అభిప్రాయం. ఏ గని, ఏ సీమ్ (బొగ్గు పొర), ఏ షిఫ్టు, తట్ట మోశాడా, టబ్బులు నెట్టాడా, సపోర్టులు పెట్టాడా? వివరం వచ్చేకొద్దీ బరువు కాస్త తగ్గుతుంది. కొడుకు బాకీపడ్డవాళ్ల వరుసలోంచి లేచి సాక్షి స్థానంలో కూర్చుంటాడు. తండ్రికి కూడా తన పాతికేళ్లూ ఒక ‘అన్‌ఫిట్’ సర్టిఫికెట్‌తో ముగిసిపోలేదని తెలుస్తుంది.

మన మామూలు జీవితంలో అప్పుడప్పుడూ వచ్చే అడ్డంకులు కూడా మేలే చేస్తాయి. జోర్డీ క్వాడ్‌బాక్, ఎలిజబెత్ డన్ 2013లో కొందరిని వారం పాటు చాక్లెట్ ముట్టవద్దన్నారు, కొందరిని కావలసినంత తినమన్నారు. వారం తర్వాత అందరికీ చాక్లెట్ ఇస్తే, మానుకున్నవాళ్లకే అది ఎక్కువ రుచించింది. షిఫ్టుల మనిషికి ఈ విరామం తప్పనిసరిగా దొరుకుతుంది. మూడు షిఫ్టులు వారం వారం మారే ఇంట్లో, పిల్లలు మెలకువగా ఉన్నప్పుడు తండ్రి ఇంట్లో ఉండే వారం ఒక పండుగ. ఇదే షిఫ్టుల మార్పు నిద్రను దెబ్బతీస్తుందన్నది వేరే సంగతి, దాన్ని చిన్నది చేయను.

టీ కొట్టు మాటలనూ తక్కువగా చూడకూడదు. షెల్లీ గేబుల్ బృందం 2004లో చూపినట్టు, మంచి జరిగినప్పుడు దాన్ని ఇంకొకరికి చెప్పుకుంటే, ఆ విన్న మనిషి మనస్ఫూర్తిగా సంతోషిస్తే, జరిగిన మంచి ఇచ్చినదానికంటే ఎక్కువ ఆనందం దక్కుతుంది. ‘మా బిడ్డకు సీటొచ్చిందే’ అని ఒకరంటే ‘అవునా, ఏ కాలేజీల?’ అని ఆసక్తిగా అడిగే ఒక తోటి మనిషి ఉండాలి. ‘ఆఁ, మంచిగయింది’ అని ఫోన్‌లోకి తల దించేసుకుంటే ఆ మంచి అక్కడికక్కడే చప్పబడుతుంది. సింగరేణి క్వార్టర్ల వరుసల్లో ఈ పని వాకిళ్ల మధ్య దానంతటదే జరిగిపోయేది. సంస్థలో ఇప్పుడు శాశ్వత ఉద్యోగులు 40 వేల చుట్టుపక్కలే. కాలనీలు పలచబడుతున్న కొద్దీ, పక్కింటి సంతోషానికి సంతోషించే ఆ చెవి కూడా తగ్గుతోంది. బొగ్గు తగ్గడం గురించి మాట్లాడినంతగా దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదు.

ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. ఉన్న మంచిని గుర్తించమనే మాటను చాలాసార్లు పైవాళ్లు కిందివాళ్ల నోరు మూయించడానికి వాడుకుంటారు. శాశ్వత కార్మికుడికి సగటున లక్షా 90 వేలు అందిన ఆ 2024లోనే, కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా ఇచ్చింది ఒక్కొక్కరికి 5,000 రూపాయలు. తొలిసారి వచ్చినదని సంతోషించవచ్చు. అదే బొగ్గు పొడి, అదే ఎండ, 5,000 చాలవని అడగవచ్చు. రెండూ ఒకే మనిషిలో ఒకేసారి ఉండవచ్చు, ఒకటి ఇంకొకదానికి అడ్డు కాదు. నిజానికి పక్కవాడి మేలును గుర్తించగల మనిషే పక్కవాడి హక్కు కోసం కూడా నిలబడతాడు. సర్దార్ చెవిని, ఫ్యాను మనిషి మెలకువను విలువైనవిగా చూడటం మొదలుపెడితే, ఆ పనుల్లో మనుషులను తగ్గించినప్పుడు మొదట అడిగేది మనమే.

చివరగా ఒక అధ్యయనం, ఆపై ఒక విన్నపం. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2018లో కొందరితో తమకు మేలు చేసినవాళ్లకు ఉత్తరాలు రాయించి పంపించారు. ఉత్తరం అందుకున్నవాళ్లకు ఎంత ఇబ్బందిగా ఉంటుందో, ఎంత సంతోషం కలుగుతుందో రాసినవాళ్లను ముందే ఊహించమన్నారు. రాసినవాళ్లు ఇబ్బందిని ఎక్కువగా, సంతోషాన్ని తక్కువగా అంచనా వేశారు. అంటే ఇన్నాళ్లూ మనం చెప్పకుండా ఆపుకున్న మాటలు చాలావరకు ఒక తప్పుడు అంచనా వల్ల ఆగిపోయినవే.

కాబట్టి ఈ వారం ఒక్కసారి ఈ పని చేయండి. గోదావరిఖనిలోనో, మందమర్రిలోనో, భూపాలపల్లిలోనో మీ ఇంటిని నిలబెట్టిన మనిషి ఉంటే, ఆయన పక్కన కూర్చుని ఆయన పనిచేసిన గని పేరు, చేసిన పని, ఆ షిఫ్టుల సంగతులు అడగండి. బొగ్గుతో సంబంధం లేని ఇల్లయితే, మీకు అన్నం వండిన చేతులనో, చదువు చెప్పిన మాస్టారునో అడగండి. విన్నాక, ఆ పని వల్ల మీకు ఏం దక్కిందో వివరంగా, పేరు పెట్టి చెప్పండి. ఇబ్బందిగా ఉంటుందని ఆగకండి.